ఓడలో ఉదయపు ఫలాహారము ఎక్కడ?

(సముద్రయాత్రకు పోవు సభ్యుల నుద్దేశించి మన సంఘపు మాససభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈనాటి ప్రసంగవిషయమును కార్యదర్శిగారు చదివినప్పుడు వెనుకవరుసలో కొందరు నవ్వుట మేము చూచితిమి. నవ్వదగినదే. ఓడ యెక్కి నాలుగు రాత్రులు సముద్రముపై తిరిగి వచ్చువారు ప్రొద్దున ఏ గదిలో కూర్చుండి తినవలెనను సంగతికి ఒక సభయా అని తోచుట సహజము. అయితే ఈ యాత్రనుగురించి మన కార్యవర్గము మూడుమారులు కూడినది. టికెట్ల ధర పావుగంటలో తేలినది. గదుల పంపకము అరగంటలో తేలినది. ఉదయపు ఫలాహారము ఎక్కడ అను ప్రశ్నపై రెండు సమావేశములు గడచినను ఏమియు తేలలేదు. పెద్దలొక ప్రక్క, యువకులొక ప్రక్క అయి, కడపట మాటలు తూలువరకు వచ్చినది. ఇటువంటి ఓడలను రెండుమారులు ఎక్కియున్నవారమగుటచే విషయమంతయు సభముందు పెట్టుమని అధ్యక్షులు మమ్ము ఆజ్ఞాపించిరి. మేము కోయంబత్తూరులో పప్పుధాన్యముల వర్తకము చేసికొనువారము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవారము. పాండిత్యము చెప్పలేము. కంటితో చూచినది, అడిగి తెలిసికొన్నది చెప్పగలము.

యాత్రాక్రమము మీకు తెలిసినదే. సింగపూరులో ఓడ యెక్కుదుము. మరునాడు పెనాంగు, ఆ మరునాడు ఫుకెట్, నాలుగవనాడు రేవు లేక పగలంతయు సముద్రము, అయిదవనాటి ప్రొద్దున మరల సింగపూరు. అనగా ఓడలో మనకు నాలుగు ఉదయములు. పోవువారు 41 మంది. వారిలో అరువదియేండ్లు దాటినవారు 14, పిల్లలు 9. గ్రుడ్డు ముట్టనివారు 17. చక్కెరవ్యాధికి మందు పుచ్చుకొనువారు, చెప్పినవారు మాత్రమే 8. చెప్పనివారెందరో వారికే తెలియును. ఓడలో భోజనమునుగురించి మాటలాడువారందరు వంటకముల సంఖ్యను వర్ణింతురు. మేము ముందుగా లెక్కించునది అన్ని వంటకముల నడుమ తినక మిగిలిపోవువారిని.

గత యాత్రలో జరిగిన సంగతి యొకటి కొందరికి తెలియును. ఆ కుటుంబమువారి అనుమతితో చెప్పుచున్నాము, పేరు చెప్పము. డెబ్బది దాటిన అమ్మగారొకరు కుమారునితో, కోడలితో, మనుమలతో వచ్చిరి. మొదటి ప్రొద్దున అందరితోపాటు పై అంతస్తున ఉన్న బఫేశాలకు పోయిరి. అక్కడ రొట్టెముక్కల నెత్తు పట్టుకారునే ఎవరో ప్రయాణికుడు తీసికొని ప్రక్కనున్న మాంసపు పళ్లెములో పెట్టి మరల రొట్టెలపై పెట్టుట ఆమె కంటబడినది. కుమారుడు పిల్లలను వెంటబెట్టుకొని ఆమ్లెట్లు వేయుచోట వరుసలో నిలిచియున్నాడు. కోడలు బల్లను కాచుకొని కూర్చున్నది. అమ్మగారు ఒక అరటిపండు తీసికొని, కాఫీ త్రాగి, "నేను తిన్నాను నాయనా" అని చెప్పిరి. రెండవనాడును అంతే. మూడవనాడును అంతే. ఆనాటి మధ్యాహ్నము మెట్లపై కన్నులు తిరిగి కూలబడినప్పుడుగాని సంగతి బయటపడలేదు. ఓడవారిని అనుటకు వీలులేదు. అదే ఓడలో, క్రింది అంతస్తున, వేరుగా చెప్పి చేయించి తెచ్చి వడ్డించు శాల యొకటి ప్రతి ప్రొద్దునను తెరచియే యున్నది. ఆమెకు ఆ సంగతి తెలియదు. తెలిసినను అడుగుటకు ఇంగ్లీషు లేదు. మన కార్యవర్గములో పుట్టిన తగవునకు మూలము ఇదే.

ఇక ఓడలోని ఏర్పాటు వినుడు. విహారనౌకలలో ఉదయపు ఫలాహారమునకు టికెట్టు ధరలోనే చేరియుండు తావులు సాధారణముగా రెండు. ఒకటి పై అంతస్తున, ఈతకొలనుకు దగ్గరగా ఉండు బఫేశాల. దీనిని రాయల్ కరీబియన్ వారి ఓడలలో విండ్‌జామర్ అందురు. కార్నివాల్ వారును హాలండ్ అమెరికా వారును లీడో అను పేరు వాడుదురు. క్యూనార్డు వారి క్వీన్ మేరీ 2 ఓడలో కింగ్స్ కోర్ట్ అందురు. పేరేదైనను తీరొక్కటే: వండినది వరుసగా పెట్టియుండును, పళ్లెము పట్టుకొని పోయి కావలసినది పెట్టుకొందుము. రెండవది క్రింది అంతస్తులలోని పెద్ద భోజనశాల. అక్కడ బల్లయొద్ద కూర్చుండబెట్టి, వంటకముల పట్టీ చేతికిచ్చి, కోరినది తెచ్చి వడ్డింతురు. మూడవ తావు మన గదియే. ముందునాటి రాత్రి చీటీ వ్రాసి తలుపుపిడికి తగిలించినచో ప్రొద్దుట తెచ్చియిత్తురు. ఇవిగాక కాఫీ అంగళ్లు, ప్రత్యేకశాలలు ఉండును.

వర్తకులమగుటచే ఉచితమను మాట వినగానే మా చెవి నిక్కును. యంత్రమునుండి పట్టుకొను మామూలు కాఫీకి వెల లేదు. అంగడిలో నురుగుతో ఇచ్చు కాఫీకి వెల కలదు, ఆ వెలపై సేవారుసుమును కలదు. గదికి తెప్పించుకొనుటకు కొన్ని కంపెనీలవారు రుసుము పుచ్చుకొందురు. కొందరు రొట్టె, పండ్లు, కాఫీవరకు ఊరక యిచ్చి, వేడి పదార్థములకు మాత్రము పుచ్చుకొందురు. చీటీమీదనే వ్రాసియుండును. చదివి తగిలింపవలెను.

యువకులు బఫేను కోరుటలో న్యాయము లేకపోలేదు. ఆ శాల చాలసేపు తెరచియుండును. చూచి తినవచ్చును, నచ్చనిచో మరియొకటి తెచ్చుకొనవచ్చును. పిల్లలు ఒకచోట గంటసేపు కూర్చుండరు, అక్కడ కూర్చుండనక్కరయు లేదు. కిటికీలగుండ సముద్రము కనబడును. భారతీయులు విస్తారముగా ఎక్కు సింగపూరు ఓడలలో ఒక ప్రక్క మన దేశపు వంటకములును కొన్ని పెట్టుట వాడుక. అయితే ఇడ్డెనలు మల్లెపూవులవలె ఉండునని ఎవరైనను చెప్పినచో నమ్మకుడు. రెండువేలు, మూడువేల మందికి వండి ఆవిరి పెట్టెలో ఉంచిన ఇడ్డెన ఎట్లుండునో మన ఇంటి ఇల్లాండ్రకు చెప్పనక్కరలేదు.

బఫేశాలకు పోవువారికి మా మనవి యొకటి. పళ్లెము పట్టకముందే ఒకమారు శాలంతయు తిరిగిరండు. సంతలో మొదటి బస్తాకే బేరము కుదుర్చుకొనువాడు చివరి బస్తా చూచి చింతించును. చాల ఓడలలో ఈ శాలకు ఎడమప్రక్క ఉన్న వంటకములే కుడిప్రక్కను కూడ ఉండును. లిఫ్టు దిగగానే కనబడు వరుసలో ముప్పదిమంది నిలిచియుండగా ఆవలి ప్రక్క అయిదుగురు కూడ ఉండరు. ఇది మేము రెండు ఓడలలోను చూచితిమి. మరియు, రేవులేని దినమున ఎనిమిదిన్నరనుండి తొమ్మిదిన్నరవరకు క్రిక్కిరిసియుండును. రేవునకు చేరు దినమున అంతకు ముందే క్రిక్కిరియును. ఆ వేళలో చేతిలో పళ్లెము, పళ్లెములో వేడి టీ, కాలిక్రింద కదలు నేల, ఖాళీబల్ల కొరకు వెదకు చూపు, ఇన్నియు డెబ్బదియేండ్లవారికి తగినవి కావు.

చేతుల శుభ్రతనుగురించి చెప్పక ముందునకు పోలేము. వందలమంది ఒకే గరిటెను పట్టుకొనుచోట కడుపువ్యాధి త్వరగా ప్రాకును. ఓడలలో తరచు వినబడునది నోరోవైరస్ అనునది. వాంతులు, విరేచనములు కలిగించును. అమెరికా దేశపు ఆరోగ్యశాఖవారు 1975లోనే ఓడల శుభ్రతను తనిఖీ చేయుటకొక ఏర్పాటు పెట్టిరి. తమ రేవులకు వచ్చు ఓడలను ముందుగా చెప్పక పరీక్షించి నూటికి మార్కులు వేయుదురు. 85 గాని అంతకు తక్కువ గాని వచ్చినచో తప్పినట్లు. బడిపిల్లలకు 35 వచ్చిన చాలునని తలచు మనకు ఇది వింతగా తోచును. శాల ద్వారమున చేతులపై చల్లు మందునీరు ఈ వైరసునకు చాలదు. సబ్బుతో, పారు నీటితో కడుగుకొనవలెను. కాళ్లు చేతులు కడుగుకొనక వంటయింట అడుగుపెట్టనీయని అవ్వల మనుమలమయ్యును, ఓడ యెక్కగానే ఆ మందునీటి బొట్టుతో తృప్తిపడుచున్నాము. తిన్న తరువాత కడుగుకొనుట మన అలవాటు. అక్కడ గరిటె ముట్టిన తరువాత, నోట పెట్టకముందు మరియొకమారు కడుగుకొనుట మేలు.

పెద్ద భోజనశాలకు వత్తము. కార్యవర్గములో దీనిని పెద్దలు కోరినది మర్యాదకొరకని యువకులు అనిరి. మర్యాద మాట అటుంచుడు. ముఖ్యమైన సంగతి యేమనగా, అక్కడ మన ప్రశ్నకు జవాబు చెప్పవలసిన మనిషి యొకడు ఎదుట నిలిచియుండును. బఫేలో గరిటెను అడుగలేము. ఈ పిండివంటలో గ్రుడ్డు కలదా అని భోజనశాలలోని సర్వరును అడిగినచో, తనకు తెలియనిచో లోపలికిపోయి వంటవారిని అడిగి వచ్చి చెప్పును. అది అతని ఉద్యోగము. ముందునాటి రాత్రి భోజనవేళనే శాల పెద్దను కలిసికొని, రేపు ప్రొద్దున గ్రుడ్డు లేని ఫలాహారము కావలసినవారు ఇందరు అని చెప్పియుంచినచో పని మరింత సుళువగును. యాత్రకు కొన్ని వారములు ముందుగా టికెట్లు ఇచ్చిన కంపెనీకి వ్రాయుట మరియు మంచిది. ఆ పని కార్యదర్శిగారు చేసియున్నారు.

గ్రుడ్డు ఎక్కడెక్కడ దాగియుండునో తెలియవలెను. ఆమ్లెట్టు కంటికి కనబడును, దానితో చిక్కు లేదు. పాన్‌కేకులు, వాఫిళ్లు, మఫిన్లు సామాన్యముగా గ్రుడ్డుతో చేసినవే. క్రోసాంట్ అను పొరల రొట్టెకు పైన మెరుపు వచ్చుటకు గ్రుడ్డుసొన పూయుట వాడుక. ఫ్రెంచి టోస్టు గ్రుడ్డులో ముంచినదే. కొన్ని తీపి పెరుగులలో జెలటిన్ అను జంతుసంబంధమైన పదార్థము కలియును. శాకాహారులు నిశ్చింతగా కోరదగినవి ఓట్సు గంజి, మామూలు రొట్టె కాల్చినది, వెన్న, పండ్ల జాము, కోసిన పండ్లు, చప్పని పెరుగు, ఎండుపప్పులు. ఇందులో మన నాలుక కోరు కారము లేదు, నిజమే. నాలుగు ప్రొద్దులు కారము లేకున్న ప్రాణము పోదు. తినకున్న కన్నులు తిరుగును.

భోజనశాలయందు మరియొక సౌకర్యము కలదు. ఓడ ఊగునప్పుడు పై అంతస్తులలోను, ముందు వెనుక కొసలయందును ఊగు హెచ్చుగా తెలియును. క్రిందను, నడుమను తక్కువ. కడుపు త్రిప్పువారు పైకిపోయి ఆ వాసనల నడుమ నిలుచుటకంటె క్రింద కూర్చుండుట మేలు. వట్టి రొట్టెముక్క, అల్లము, పచ్చని యాపిల్ పండు ఇచ్చుట ఓడవారి వాడుక వైద్యము. ఏమియు తినక పడుకొనినచో తగ్గునని మనవారు కొందరు అనుకొందురు. ఖాళీకడుపుతో త్రిప్పుట హెచ్చుగా నుండుట మేము కన్నులార చూచితిమి.

ఇంతచెప్పిన పిమ్మట, నాలుగు దినములును భోజనశాలయే అని మేము తీర్పు చెప్పుదుమని పెద్దలు ఎదురుచూచుచున్నట్లున్నది. అట్లు చెప్పము. గడియారము అడ్డమువచ్చుచున్నది.

సింగపూరు గడియారము మన గడియారముకంటె రెండున్నర గంటలు ముందు. అక్కడ ఎనిమిదిన్నర అయినప్పుడు కోయంబత్తూరులో ఆరు. భోజనశాలను తరచు తొమ్మిదింటికో తొమ్మిదిన్నరకో మూసివేయుదురు. రేవు దినములలో ఇంకను ముందే మూయుట కలదు. తొమ్మిదిన్నర అనగా మన శరీరమునకు ఏడు. ఏడింటికి మనలో ఎందరు ఫలాహారము ముగించి లేచియుందురు? కాఫీ త్రాగి పత్రిక చూచుచుందుము. గత యాత్రలో మనవారు తీరికగా స్నానము, సంధ్య ముగించుకొని భోజనశాల ముందుకు వచ్చునప్పటికి తలుపు మూసియుండుట ఒకమారు కాదు, రెండుమారులు జరిగినది. బఫే పదిన్నరవరకో పదకొండువరకో ఉండును గనుక అందరు అక్కడికే పరుగెత్తిరి. కాబట్టి భోజనశాల కావలెననువారు మన కాలమానమున అయిదింటికి లేచుటకు సిద్ధపడవలెను. మన పెద్దలు లేచుదురు, సందేహము లేదు. మనుమలను లేపగలరా అన్నదే సందేహము.

చక్కెరవ్యాధి మందు పుచ్చుకొనువారికి ఈ రెండున్నర గంటలు ఇంకను ముఖ్యము. మందువేళను, తిండివేళను ఎట్లు మార్చుకొనవలెనో బయలుదేరకముందే వారి వైద్యుని అడిగి వ్రాయించుకొనవలెను. సూది వేసికొని, లిఫ్టుకొరకు పదినిముషములు, వరుసలో ఇరువదినిముషములు నిలుచుట ప్రమాదము. అట్టివారికి గదికి తెప్పించుకొనుటయే తగినది. చీటీలో అరగంట వ్యవధిగల వేళలు అచ్చువేసియుండును. కావలసినదానికి గుర్తుపెట్టి, అందు వ్రాసిన గడువులోపల తలుపుకు తగిలింపవలెను. పండ్లరసము, తీపిరొట్టెలు గుర్తుపెట్టకుడు. ఇంకొక చిక్కు: ఫుకెట్ తాయిదేశములోనిది, అక్కడి గడియారము సింగపూరుకంటె ఒక గంట వెనుక. ఓడలో ఓడ గడియారమే ప్రమాణము. చేతిఫోను తీరము దగ్గరపడగానే తనంతట తాను గంట మార్చుకొనును. ఫోను చూచుకొని గంట ఆలస్యముగా వచ్చి మూసిన తలుపు తట్టకుడు. చేతిగడియారము కట్టుకొనువారు దానిని ఓడవేళకు త్రిప్పుకొని అట్లే ఉంచుకొనుడు.

ఇప్పుడు దినములవారీగా మా అభిప్రాయము. మొదటి ఉదయము పెనాంగు. అక్కడ ఓడ జార్జిటౌను పట్టణపు స్వెట్టెన్‌హామ్ రేవుకట్టకే ఆనుకొని నిలుచును. దిగి నడచిన కొంతదూరములోనే మార్కెట్ వీధి, క్వీన్ వీధి ప్రాంతమున భారతీయుల అంగళ్లు, భోజనశాలలు, 1833లో కట్టిన మహామారియమ్మ గుడి ఉన్నవి. అక్కడ దోసె, ఇడ్డెన, పూరీ కొన్నిచోట్ల అరిటాకులో పెట్టియే యిత్తురు. ఆనాడు ఓడలో కాఫీ, రొట్టెతో సరిపెట్టుకొని, దిగి అక్కడ తినవచ్చునని మా సలహా. డబ్బు దండుగ అని ఒకరు అనిరి. ఓడలో ముందే చెల్లించినదానిని వదలుకొనుట వర్తకునికి కష్టమే, మాకును కష్టమే. కాని మొదటి ప్రొద్దున పెద్దలు తృప్తిగా తినినచో తక్కిన మూడు ప్రొద్దులు ఓట్సు గంజిని సహింతురు. దిగుటకు ఆలస్యమగును గనుక మందు పుచ్చుకొనువారు మాత్రము ఓడలోనే తిని దిగవలెను.

ఫుకెట్‌నాడు బఫేయే తగినది, అదియు తెరచిన వెంటనే. పటాంగు ఎదుట ఓడ లంగరు వేసినచో చిన్నపడవలలో తీరమునకు చేర్తురు, వంతుచీటీలు పంచుదురు. భోజనశాలలో వడ్డన ముగియుటకు ముప్పావుగంటకు తక్కువ పట్టదు. అక్కడ కూర్చున్నవారు వంతు తప్పుదురు.

మూడవ ఉదయము, రేవులేని దినము, మన 41 మందియు భోజనశాలలోనే కూర్చుండవలెనని మేము గట్టిగా కోరుచున్నాము. ఉదయమున అక్కడ ముందుగా బల్లలు కేటాయించు పద్ధతి సాధారణముగా ఉండదు. వచ్చినవారిని వచ్చినట్లు కూర్చుండబెట్టుదురు. నలుగురుగా నలుగురుగా వచ్చినచో శాల నాలుగు మూలలకు చెదరుదుము. తలుపు తీయువేళకు అందరు కలిసి ద్వారమున ఉన్నచో ఎనిమిది, పదిమంది పట్టు బల్లలు ప్రక్కప్రక్కన ఇత్తురు.

ఇక్కడనే యువకుల అసలు ఆక్షేపణ. "మేము కూడ టికెట్టుకు సొమ్ము ఇచ్చినవారమే. సెలవుదినమున ఎవరి ఇష్టము వచ్చినచోట వారు తినరాదా? సంఘము వంటయింటిలోనికి కూడ రావలెనా?" అని ఒక యువకుడు కార్యవర్గమున అడిగెను. ఆ ప్రశ్నను కొందరు తప్పుపట్టిరి, మేము పట్టము. నాలుగింట మూడు ప్రొద్దులు అతని ఇష్టమునకే విడిచితిమి. ఆ నాలుగవ పాలును అడుగుటకు కారణము కలదు.

మన ఇండ్లలోని సంగతి దాచనేల? తాతతండ్రుల నాడు ఈ సీమకు వచ్చితిమి. పిల్లలు బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుదురు. తెలుగు ఇంటిలో విందురు, చదువువారు కొద్దిమంది. అవ్వ అడిగినదానికి తెలుగున రెండు మాటలు చెప్పి, మూడవ మాట తమిళములోనికి, నాలుగవది ఇంగ్లీషులోనికి పోవును. ఆ భోజనశాలలో వడ్డించువారు ఫిలిప్పీన్సు దేశస్థులో, ఇండోనేషియావారో, మన దేశపువారో అయియుందురు. వారితో మాట ఇంగ్లీషులోనే. అవ్వకు ఇంగ్లీషు రాదు. సర్వరుకు తెలుగు రాదు. మధ్య నున్నవాడు పదునాలుగేండ్ల మనుమడు. "ఉల్లి వేయకుండ, గ్రుడ్డు తగలని పెనముమీద, కొంచెము ఉప్పుతో" అని అవ్వ చెప్పినది వాడు పూర్తిగా గ్రహించినగాని ఆమె పళ్లెములోనికి తిండి రాదు. ఇంతకాలము మనము సాయంకాలపు తెలుగు తరగతికి రమ్మని ఆ పిల్లలను బ్రతిమాలుచున్నాము; వారు క్రికెట్టుకు పోవుచున్నారు. ఇక్కడ మాత్రము అవ్వ మాటకు వెంటనే అవసరము కలిగినది. కాబట్టి ప్రతి బల్లకు ఇద్దరు పెద్దలు, వారిమాట సర్వరునకు చేర్చుటకు ఒక బాలుడో బాలికయో ఉండునట్లు పట్టీ వేసితిమి. ఎవరి మనుమనిని వారి బల్లకు వేయలేదు, మారుపింఛితిమి. తన అవ్వ మాట సగము వినకయే ఊహించుకొనును, పరుల అవ్వ మాటను వినియే తీరవలెను.

ఈ ఏర్పాటును మొట్టమొదట ఆక్షేపించిన యువకుడే ఆ పట్టీని శుద్ధప్రతి వ్రాసి యిచ్చినాడని మాత్రము చెప్పుదుము. ఎందుకు ఒప్పుకొన్నావని మేము అడుగలేదు. మెట్లపై కూలబడిన అమ్మగారిని ఆనాడు పట్టుకొన్నవాడు అతడే.

వెంట తీసికొనిపోవు పదార్థములనుగురించి స్త్రీలు చాల అడిగిరి. ఓడ కంపెనీలు ఇంట చేసిన తినుబండారములను సాధారణముగా లోనికి రానీయరు. కంపెనీ ముద్రతో మూసిన పొట్లములలోని పొడి పదార్థములకు అభ్యంతరము ఉండదు. నీరు కాచు విద్యుత్ పాత్ర, అన్నము వండు కుక్కరు, ఇస్త్రీపెట్టె వీనిని నిప్పు భయముచే అసలే రానీయరు. పెట్టె తెరచి తీసి దాచి, దిగునాడు ఇత్తురు. ఒకనాడు యానాము చేరువనున్న కోరంగి మొదలగు రేవులనుండి రంగూనుకు పోయిన మనవారు తిండిమూటలు కట్టుకొని డెక్కుపై కూర్చుండి పోయిరి. ఆ కోరంగి పేరే బర్మాలో తెలుగువారందరికి పేరయినది. 1840లో క్యూనార్డు కంపెనీవారి మొదటి ఓడ బ్రిటానియా అట్లాంటిక్కు దాటినప్పుడు పాలకొరకు ఒక ఆవును ఎక్కించుకొని పోయినదట. ఆ ఆవు ఇప్పుడు ఉన్నచో మన కాఫీ కష్టము తీరియుండెడిది. ఇప్పటికి మాగాయ జాడీలను ఇంటనే ఉంచి రండు. మూసిన పొట్లములో కొన్న కందిపొడి తెచ్చుకొనవచ్చును. గంజిలో కలుపుకొన్నచో బాగుండునని మా ఇంటివారు చెప్పుచున్నారు, మేము చూడలేదు.

చివరి ఉదయము సింగపూరు. ఆనాడు గది ముందుగానే ఖాళీచేయవలెను, పెట్టెలు ముందునాటి రాత్రియే వెలుపల పెట్టవలెను, శాలలన్నియు తొందరగా మూయుదురు. చాల ఓడలలో ఆ ప్రొద్దున గదికి తెచ్చియిచ్చుట ఉండదు. అందుచే మందు పుచ్చుకొనువారు ముందునాడే రెండు పండ్లు, నాలుగు బిస్కట్లు గదిలో ఉంచుకొనుడు. తీరమునకు మాత్రము పండ్లు తీసికొని దిగకుడు. ఓడలోని తిండిని తీరమునకు తేరాదను నియమము కలదు. మాత్రల పెట్టె, కళ్లజోడు చేతిసంచిలో ఉండవలెను గాని వెలుపల పెట్టిన పెట్టెలో పోరాదు.

కార్యదర్శిగారియొద్ద పసుపుపచ్చని చీటీలు ఉన్నవి. గ్రుడ్డు తినువారు, తిననివారు, ఉల్లి వెల్లుల్లి కూడ తిననివారు, మందువేళ కలవారు తమ తమ పేరుకు ఎదురుగా వ్రాసి వచ్చు ఆదివారములోపల ఇయ్యవలెను. చక్కెరవ్యాధి సంగతి చెప్పుకొనుటకు మొగమోటపడువారు చీటీని మడిచి యిచ్చినను సరియే. కార్యదర్శిగారు తప్ప ఎవరును చూడరు. చీటీ వెనుక ఇంగ్లీషులో అదే సంగతి అచ్చువేయించి, పెద్దలు దానిని మెడలో వ్రేలాడదీసికొను ఓడ కార్డుతోపాటు ఉంచుకొనునట్లు చేయుదుము. మూడవ ఉదయపు బల్లల పట్టీ ద్వారమునొద్ద అంటించియున్నది. పిల్లలు తమకు ఏ అవ్వ, ఏ తాత వచ్చిరో చూచుకొని, ఈరోజే వారితో ఒకమారు మాటలాడి పోవలెనని కోరుచున్నాము.